కట్లపాము కాటు తర్వాత కదలని శరీరం, మెలకువగా ఉన్న మెదడు: ఒక ఐసీయూ కేసు

వానకాలంలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల నుంచి వరంగల్ ఐసీయూలకు వచ్చే కట్లపాము కాటు కేసుల్లో భయపెట్టే దశ ఒకటి ఉంటుంది. రోగి కళ్లు తెరవడు. గట్టిగా గిల్లినా వేలు కదపడు. కంటిపాపలు పెద్దవై, టార్చి వేసినా చిన్నవి కావు. గొంతులో ట్యూబు కదిపినా దగ్గు రాదు. వెంటిలేటర్ తీస్తే ఊపిరి లేదు. ఎవరు చూసినా మెదడు చచ్చిపోయిందనే అనుకుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే రోగి పూర్తి మెలకువతో, పక్కనున్నవాళ్ల ప్రతి మాటా వింటూ ఉండవచ్చు.

స్పృహ ఏ కణాల పని, ఏ కణాల పని కాదు అన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చూపే జబ్బు మరొకటి అరుదు. అందుకే ఈ కేసును చికిత్స కోణంలోనూ, ఆ ప్రశ్న కోణంలోనూ కలిపి రాస్తున్నాం. ఇది ఒక్క వ్యక్తి కేస్ షీటు కాదు. ఒకే దారిన నడిచే కేసుల నుంచి బోధన కోసం కూర్చినది.

కేసు

పందొమ్మిదేళ్ల యువకుడు, ములుగు వైపు పల్లె. ఆగస్టు నెల. ఇంట్లో నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. రాత్రి 2 గంటలకు కడుపులో మెలిపెట్టే నొప్పి, రెండు వాంతులు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. తిన్నది పడలేదనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు తాగించారు. 5 గంటలకు "కండ్లు తెరువరాస్తలేదు" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది, ఉమ్మి మింగుడు పడటం లేదు. 6:15కి దగ్గరి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు చేరాడు.

కట్లపాము కోరలు చిన్నవి. గాటు కనిపించకపోవడం మామూలే, నొప్పి కూడా అంతగా ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, ఆ తర్వాత రెప్పలు వాలాయంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకూడదు. అది కట్లపామే అనుకుని వైద్యం మొదలుపెట్టాలి.

అక్కడ 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష చేశారు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత ఒకసారి వంచి చూడటం. రక్తం గడ్డకట్టింది కాబట్టి రక్తపింజర కాటయ్యే అవకాశం తగ్గింది. ఈ పరీక్ష తప్పేది గొట్టం దగ్గరే. ప్లాస్టిక్ గొట్టం వాడినా, డిటర్జెంట్‌తో కడిగిన గాజు గొట్టం వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండిపోయి, లేని పింజర కాటు ఉన్నట్టు చూపిస్తుంది.

పాము విషం విరుగుడు మందు (ఏఎస్‌వీ) 10 వయల్స్ సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించారు. ముందుగా చర్మం మీద టెస్ట్ డోస్ వేయలేదు, వేయకూడదు కూడా. దానితో రియాక్షన్ వస్తుందో రాదో తెలియదు, కాలం మాత్రం పోతుంది. 0.5 మి.గ్రా. ఆడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుంటే చాలు. అట్రోపిన్ 0.6 మి.గ్రా. తర్వాత నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఇచ్చి, గంటసేపు రెప్పల ఎత్తు, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టగల అంకెలు చూశారు. మార్పు లేదు. నాగుపాము కాటులో ఈ మందు చాలాసార్లు రెప్పలు లేపుతుంది, కట్లపాము కాటులో తరచు లేపదు. కారణం తర్వాత వస్తుంది.

ఒక్క ఊపిరిలో అతను మొదట 14 దాకా లెక్కపెట్టాడు, గంట తర్వాత 6 దగ్గర ఆగిపోయాడు. 108లో వరంగల్‌కు పంపారు. దారిలో ఊపిరి పలచబడింది. చేత్తో నొక్కి ఊపిరి పోసే అంబు బ్యాగ్ పట్టారు గానీ మూతి చుట్టూ మాస్క్ సరిగా పట్టలేదు, గాలి పక్కలకు పోయింది.

నిజంగా స్పృహ పోయిన సమయం

ఎమర్జెన్సీకి వచ్చేసరికి ఆక్సిజన్ శాతం 74, ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 102 మి.మీ., పీహెచ్ 7.04. కంటిపాపలు రెండూ 6 మి.మీ., కదలిక లేదు. నొప్పికి స్పందన లేదు. స్పృహ ఎంతుందో కొలిచే స్కోరు జీసీఎస్ 3, అంటే అన్నిటికన్నా తక్కువ. 7.5 సైజు ట్యూబు వేసి వెంటిలేటర్‌కు పెట్టారు. కండరాలు అప్పటికే పడిపోయాయి కాబట్టి సడలించే మందు అవసరం లేదు. మత్తు మందు మాత్రం ఇచ్చే ట్యూబు వేయాలి. లోపల మనిషి మేలుకుని ఉన్నాడో లేడో ఆ క్షణాన ఎవరికీ తెలియదు.

గంటలో కార్బన్ డయాక్సైడ్ 39కి, పీహెచ్ 7.38కి వచ్చాయి. తల సీటీ స్కాన్ మామూలుగా ఉంది. పొటాషియం 2.8. కట్లపాము కాటులో ఇది తగ్గడం తరచు చూస్తాం. సరిచేయకపోతే కండరాల బలహీనత ఇంకా లోతుగా కనిపిస్తుంది, గుండె లయ కూడా తప్పుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ 90 దాటితే మెదడు మత్తులోకి జారుతుంది. ఆక్సిజన్ తగ్గడం దానికి తోడు. అంటే ఆసుపత్రికి వచ్చినప్పుడు ఈ యువకుడికి స్పృహ నిజంగానే లేదు. గంట తర్వాత రక్తం సరిపడింది, మెదడు కణాలు మళ్లీ పనిలోకి వచ్చాయి, స్పృహ తిరిగొచ్చింది. కానీ బయట ఏదీ మారలేదు. రెప్ప లేవలేదు, వేలు కదల్లేదు. పోవడమూ రావడమూ రెండూ జరిగాయి, పరీక్ష కాగితం మీద మాత్రం రెండు వేళలా జీసీఎస్ 3 అనే ఉంది.

రెండో రోజు ఉదయం

రౌండ్స్‌లో బ్రెయిన్ డెత్ అన్న మాట వచ్చింది. బంధువులు "ఇంటికి తీసుకపోతం, పానం ఇంట్ల పోనీయండి" అని అడగడం మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటు మార్గదర్శకాల్లో హెచ్చరించింది సరిగ్గా ఈ చోటునే. పాము కాటు రోగి కదలడం లేదని, కంటిపాపలు విప్పారి ఉన్నాయని మెదడు తిరిగిరాకుండా దెబ్బతిన్నదని అనుకోవద్దని అందులో ఉంది.

మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ నిర్ధారణకు నలుగురు డాక్టర్ల బృందం, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష కావాలి. వాటికి ముందే విషాలు, కండరాలు సడలించే మందులు, లవణాల తేడాలు లేవని తేలాలి. ఈ షరతు ఎందుకు ఉందో ఒక్కో పరీక్షనూ దాని దారి వెంట నడిచి చూస్తే అర్థమవుతుంది. కనుగుడ్డును దూదితో తాకితే రెప్ప ఆర్పాలి, అది కండరం. చెవిలో చల్లని నీళ్లు పోస్తే కళ్లు తిరగాలి, అది కండరం. గొంతు తాకితే డోక్కోవాలి, అదీ కండరమే. యాప్నియా టెస్ట్‌లో వెంటిలేటర్ ఆపి 8 నుంచి 10 నిమిషాలు ఆగి, కార్బన్ డయాక్సైడ్ 60 దాటినా ఛాతీ లేవకపోతే మెదడు మూలంలోని శ్వాసకేంద్రం పోయిందంటాం. ఈ యువకుడిలో ఆ కేంద్రం ఎంత గట్టిగా ఆజ్ఞ పంపినా ఊపిరి కండరమైన డయాఫ్రంకు చేరదు. కంటిపాపను కుదించే కండరానికి వెళ్లే నరాల కొసలను కూడా ఈ విషం పట్టేస్తుంది. అంటే మంచం పక్కన చేసే ప్రతి పరీక్షా మెదడును కండరం ద్వారా చదువుతుంది. ఊళ్లో లైను తెగితే సబ్‌స్టేషన్‌లోనే కరెంటు లేదని రాసేసినట్టు అవుతుంది.

కండరం అక్కర్లేని పరీక్షలు

మొదటిది ట్రైన్ ఆఫ్ ఫోర్. మణికట్టు దగ్గర అల్నార్ నరం మీద రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి, సెకనుకు 2 చొప్పున నాలుగు కరెంటు తాకిళ్లు, 50 మిల్లీయాంప్‌లతో ఇస్తాం. బొటనవేలు ఎన్నిసార్లు లోపలికి కదిలిందో చూస్తాం. ఇతనిలో సున్నా. చెయ్యి చల్లగా ఉన్నా, వాచినా, జెల్ ఎండినా దొంగ సున్నా వస్తుంది, కాబట్టి ముఖ నరం మీద కూడా చూడాలి. అక్కడా సున్నాయే. నరానికి నేరుగా కరెంటిచ్చినా కండరం కదలడం లేదంటే, ఆ రోగిలో కదలిక లేకపోవడాన్ని మెదడుకు అంటగట్టే హక్కు మనకు లేదు. రెండు నిమిషాల పని ఇది. కట్లపాము కాటు అనుమానం ఉన్న ప్రతి రోగికీ చేయాలి.

రెండోది ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ లయను తల మీద నుంచి నమోదు చేసే పరీక్ష. మత్తు మందులు ఆపి, వాటి ప్రభావం దిగేంత సమయం ఇచ్చి, 21 ఎలక్ట్రోడ్లతో అరగంట తీశారు. ఐసీయూలో ఇన్ఫ్యూజన్ పంపులు, మంచం మోటారు 50 హెర్ట్జ్ గోలను కలుపుతాయి. ప్రతి ఎలక్ట్రోడ్ అవరోధం 5 కిలోఓమ్‌ల లోపు ఉండాలి, అక్కర్లేని పరికరాల ప్లగ్ తీయాలి. ఈ రోగిలో ఒక వింత సౌకర్యం ఉంది. నుదుటి కండరాల చప్పుడు లేదు కాబట్టి రికార్డింగ్ చాలా శుభ్రంగా వస్తుంది.

తల వెనక భాగంలో 9 నుంచి 10 హెర్ట్జ్ ఆల్ఫా లయ కనిపించింది, మెలకువగా కళ్లు మూసుకున్నవాళ్లలో కనిపించే లయ అది. ఇంతటితో సంతోషపడకూడదు. ఆక్సిజన్ అందక మెదడు పొర (మెదడు పైభాగాన్ని కప్పిన కార్టెక్స్) దెబ్బతిన్న కొందరిలోనూ ఆల్ఫా కనిపిస్తుంది, దాన్ని ఆల్ఫా కోమా అంటారు. అది తల అంతటా పరుచుకుని ఉంటుంది, దేనికీ మారదు. తేడా తెలిసేది స్పందనతో. వేలితో రెండు రెప్పలూ ఎత్తి పది సెకన్లు వెలుగు పడనిచ్చారు. ఆల్ఫా ఆగిపోయింది. రెప్పలు మూశారు, సెకనులోపే తిరిగొచ్చింది. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ అంతే. తర్వాత పేరు పెట్టి పిలిచి "మనసుల వంద నుంచి ఏడు ఏడు తీసేసుకుంట పో" అన్నారు. ఆల్ఫా మళ్లీ చెదిరింది. రాత్రి రికార్డింగ్‌లో నిద్ర స్పిండిల్స్, అంటే నిద్రలో కనిపించే చిన్న అలల గుంపులు, వచ్చాయి. వెలుగుకు మారే ఆల్ఫా, మాటకు చెదిరే ఆల్ఫా, రాత్రయితే నిద్రపోయే మెదడు. కోమా అని రాయడానికి ఇంక చోటు లేదు.

గుండె వేగం మూడోది, కానీ బలహీనమైన సాక్ష్యం. కఫం లాగినప్పుడు 96 నుంచి 124కు పెరిగింది. అది మెదడు మూలం దగ్గరే తేలిపోయే రిఫ్లెక్స్ కావచ్చు, స్పృహకు రుజువు కాదు. పెరగకపోయినా స్పృహ లేదని కాదు, ఎందుకంటే ఈ విషం గుండె వేగాన్ని నడిపే స్వతంత్ర నరాలనూ కలవరపెడుతుంది. ఈఈజీ లేనిచోట దీని మీదే తీర్పు ఇవ్వడం ప్రమాదం. ఈఈజీ లేనిచోట సరైన తీర్పు ఒక్కటే: వెంటిలేటర్ నడుపుతూ ఆగడం.

ఒకే రసాయనం, రెండు చోట్లు

కట్లపాము విషంలో రెండు రకాల నరాల విషాలున్నాయి. ఒకటి కండరం మీది గ్రాహకాలకు అతుక్కుంటుంది. రెండోది, అసలు ప్రమాదకారి, నరం కొసలోకి దిగి, కండరానికి ఆజ్ఞ అందించే రసాయనమైన అసిటైల్‌కోలిన్ నిండిన సంచులను ఖాళీ చేసి, ఆ కొసనే పాడుచేస్తుంది. నియోస్టిగ్మిన్ పని ఉన్న అసిటైల్‌కోలిన్‌ను విరిగిపోకుండా నిలపడం. విడుదలే లేనప్పుడు నిలపడానికేముంది? ఏఎస్‌వీ రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది, కొసలోకి దిగినదాన్ని బయటికి లాగలేదు. అందుకే 20 వయల్స్ దాటి ఎన్ని ఎక్కించినా లాభం లేదు. కొత్త నరం కొసలు పెరగాలి. దానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ఊపిరి మనం పోయాలి.

ఈ విషాలు ప్రొటీన్లు, పెద్ద అణువులు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడను దాటవు. ఈ కేసులోని రహస్యమంతా ఆ గోడలో ఉంది. ఎందుకంటే మెదడును మేలుకొలిపే ముఖ్యమైన రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ కూడా ఒకటి. మెదడు మూలం పైభాగంలోనూ, ముందు మెదడు అడుగునా ఉన్న కొన్ని కణసమూహాలు దాన్ని మెదడు నడుమ సమాచారం పంచే థాలమస్‌కూ, మెదడు పొరకూ చల్లుతుంటాయి. మెలకువలోనూ, కలలొచ్చే నిద్రలోనూ ఆ ధార ఎక్కువ, గాఢ నిద్రలో తక్కువ. ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త 1921లో కప్ప గుండెతో రుజువు చేసిన నరాల రసాయనం ఇదే. గోడకు ఇవతల అది కదలిక, అవతల అదే మెలకువ. పాము ఇవతలి దాన్ని మాత్రమే ఆపింది.

స్పృహకు ఏ కణాలు చాలు

మోరూజ్జీ, మాగూన్ అనే శాస్త్రవేత్తలు 1949లో పిల్లుల మీద చూపించారు: మెదడు మూలం మధ్యలోని వల వంటి కణజాలాన్ని కరెంటుతో తట్టితే నిద్రలో ఉన్న మెదడు పొర మెలకువ లయలోకి మారుతుంది. ఆ చోట రెండు వైపులా చిన్న దెబ్బ తగిలినా మనిషి కోమాలోకి పోతాడు. ఇంకోవైపు చిన్నమెదడును చూడండి. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, అందులో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. మెదడు పొరలో ఉన్నవి 1,600 కోట్లు. చిన్నమెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు తూలుతారు, మాట తడబడుతుంది, స్పృహ మాత్రం చెక్కుచెదరదు. కణాల లెక్క ఎక్కువైతే స్పృహ పుడుతుందన్న ఊహ ఇక్కడే పడిపోతుంది. తేడా అల్లికలో ఉంది. చిన్నమెదడు కణాల గుంపులు విడివిడిగా పనిచేసి ఫలితం పంపేస్తాయి. మెదడు పొర, థాలమస్ ఒకదానికొకటి పంపుకుంటూ తిరిగి తీసుకుంటూ ఉంటాయి.

ఒక్క నాడీకణానికి స్పృహ లేదు. ఆ కణం చుట్టూ ఉన్న పలచని పొరకు ఇవతలా అవతలా దాదాపు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. ఆ తేడాను నిలపడానికి కణం ఎడతెగకుండా సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోస్తుంది. శరీర బరువులో 2 శాతమున్న మెదడు మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం తీసుకునేది ఎక్కువగా ఈ పనికే. మెదడుకు రక్తం ఆగితే పది సెకన్ల దగ్గర్లో స్పృహ పోతుంది. కణాలు అప్పటికింకా చావవు. అంటే స్పృహకు కణాలు బతికి ఉండటం ఒక్కటే చాలదు, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. ఈ యువకుడు అంబులెన్స్‌లో పోగొట్టుకున్నది ఆ మాటలనే. ఇంకో పావుగంట ఆలస్యమైతే కణాలే పోయేవి. ముందుగా పోయేవి జ్ఞాపకాలు నిలిపే హిప్పోకాంపస్ కణాలు.

ఆ మాటల్లోంచి అనుభవం ఎలా కలుగుతుందన్నది శాస్త్రంలో తేలని ప్రశ్న. సమాచారం ఎంతగా ఒకటై కలిసిందన్నదే స్పృహ అని పరిశోధకుడు టొనోనీ వాదం. మెదడు అంతటికీ ఒకేసారి ప్రసారమైనదే స్పృహలోకి వస్తుందని మరో ఇద్దరు పరిశోధకులు బార్స్, దెహేన్‌ల వాదం. ఐసీయూలో మాకు పనికొచ్చేది వాటి మధ్య ఉన్న ఒప్పందం: చూడాల్సింది కదలికను కాదు, మెదడు పొరలో దూరదూరపు భాగాలు ఒకదానికొకటి స్పందించడాన్ని. మెదడు పరిశోధకుడు ఏడ్రియన్ ఓవెన్ బృందం 2006లో కోమా తర్వాత ఏ స్పందనా లేకుండా పడి ఉన్న ఒక మహిళను టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెప్పి, ఎంఆర్ఐలో ఆమె మెదడు ఆ మాటను పాటించడం చూసింది. మన రోగి వంద నుంచి ఏడు తీసేస్తూ పోవడం అదే కోవలోని, మంచం పక్కనే చేయగలిగిన పరీక్ష.

ఇంట్లోవాళ్లతో

తల్లి అడిగింది, "సారూ, నా కొడుకుల పానం ఉన్నదా? జీవుడు పోయిండా?" దీనికి రిపోర్టు భాషలో చెప్పకూడదు. ఆత్మ గురించి సర్టిఫికెట్ ఇచ్చే చదువు మాది కాదు, ఆ నమ్మకాన్ని తీసిపారేసే హక్కూ మాకు లేదు. చెప్పగలిగినది స్పష్టంగా చెప్పాలి: "అవ్వా, కాళ్లు చేతులకు పోయే నరాల కొసలను విషం పట్టింది. మెదడు మంచిగున్నది. నీ మాట ఇనపడుతది. దగ్గర కూసోని మాట్లాడు. ఏడవకు, భయపడుతడు." ఆ తర్వాత ఈఈజీ గీత ఆమెకు చూపించి, రెప్ప ఎత్తితే గీత మారడం కళ్లారా చూడనివ్వాలి. ఇంటికి తీసుకెళ్లే మాట ఆగింది అక్కడే. మంచానికి "రోగి వింటున్నాడు" అని పెద్దక్షరాల కాగితం కట్టారు. డ్యూటీ మారినప్పుడు మౌఖికంగా చెప్పిన సంగతి పోతుంది, కాగితం పోదు.

రోజువారీ పని

నొప్పికి ఫెంటనిల్ గంటకు 25 నుంచి 50 మైక్రోగ్రాములు, రాత్రిళ్లు మత్తుకు మిడజోలం గంటకు 1 మి.గ్రా. కదలని రోగికి నొప్పి లేదనుకోవడమే ఈ జబ్బులో అన్నిటికన్నా క్రూరమైన పొరపాటు. కఫం లాగే ముందు చెప్పాలి, ఎంతసేపో చెప్పాలి. రెప్పలు వాటంతట అవి పూర్తిగా మూసుకోవు కాబట్టి 4 గంటలకోసారి కంటి ఆయింట్‌మెంట్ వేసి టేపు అంటించాలి, లేకపోతే కనుగుడ్డు ఎండి పుండు పడుతుంది. 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి, తల 30 డిగ్రీలు ఎత్తుగా ఉండాలి. పగలు దీపాలు, రాత్రి చీకటి, రోజూ తేదీ, సమయం చెప్పడం. వెంటిలేటర్‌లో టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో ఊపిరికి పంపే గాలి, కిలోకు 6 నుంచి 8 మి.లీ. ట్రైన్ ఆఫ్ ఫోర్ రోజూ ఒకసారి.

నాలుగో రోజు ఆ పరీక్షలో మొదటి కదలిక వచ్చింది. అదే సాయంత్రం ఎడమ చిటికెన వేలు సన్నగా వంగింది. వెంటనే సంకేతం కుదిర్చారు: ఒకసారి వంచితే అవును, కదపకపోతే కాదు. ముందు జవాబు తెలిసిన ప్రశ్నలు అడిగి సరిచూశారు. తర్వాత నొప్పి ఉందా, వేడిగా ఉందా, ట్యూబు గుచ్చుకుంటోందా అని అడిగారు. కంటిపాపలు ఆరో రోజు దాకా లైటుకు కదల్లేదు. అప్పటికి అతను వేలితో ప్రశ్నలకు జవాబులిస్తున్నాడు! ఎనిమిదో రోజు ట్యూబు తీశారు. తీసే ముందు తల దిండు మీద నుంచి 5 సెకన్లు ఎత్తి ఉంచగలగడం, దగ్గులో బలం చూశారు. ఊపిరి అంకెలు బాగుండి మెడ నిలవని రోగి కఫం బయటికి తేలేడు, మళ్లీ ట్యూబు వేయాల్సి వస్తుంది.

జ్ఞాపకం గురించి అడిగేటప్పుడు జవాబు అందించకుండా "ఏం గుర్తున్నది?" అని మాత్రమే అడిగారు. కడుపునొప్పి, సీహెచ్‌సీలో సూది గుర్తున్నాయి. అంబులెన్స్ ప్రయాణంలో సగం నుంచి ఏమీ లేదు. తర్వాత చీకటిలో మిషన్ చప్పుడు, తల్లి గొంతు, ఇంటికి తీసుకుపోతామన్న మాటలు, గొంతులో గొట్టం పెట్టి లాగిన నొప్పి. రాత్రుళ్లు చాలావరకు ఖాళీ. ఆ ఖాళీని స్పృహ లేకపోవడంగా రాయకూడదు, మిడజోలం మెలకువలో ఉన్నవాళ్లకూ జ్ఞాపకం నిలవనివ్వదు. అంబులెన్స్ నాటి ఖాళీ వేరు. రక్తంలో 102 చూపిన కార్బన్ డయాక్సైడ్ దానికి లెక్క చెబుతుంది.

పదకొండో రోజు ఇంటికి పంపారు. ఆరు వారాలకు జ్ఞాపకశక్తి పరీక్ష, నడక, చూపు మామూలుగా ఉన్నాయి. నిద్రలో ఉలిక్కిపడటం, చీకటి గదికి భయం మిగిలాయి. మానసిక వైద్యుడికి చూపించారు. కదలలేక మెలకువగా గడిపినవాళ్లలో ఇది వస్తుందని డిశ్చార్జ్ కాగితంలో ముందే రాసి, ఏ ఓపీకి, ఏ రోజు రావాలో ఇంట్లోవాళ్లకు చెప్పి పంపాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవాలన్నది కూడా అదే కాగితంలో ఉండాలి.